పెద్దాయన జీపులో సింహాల పార్కుకు

చెనిగ్గింజలకు పొట్టు తీసి చిత్రాన్నంలో వేశానని మా అత్త వరమ్మ పొద్దున్నే తగువు పెట్టుకుంది.

"పొట్టులోనే ఉండేది రుచి. బీయే సదివినోళ్లకు అదీ తెలియదు."

"పాపకు గొంతులో పడుతుందత్తా."

"దాని నాయన పొట్టుతోనే తిని పెరిగినాడు. ఏమన్నా అయినాడా?"

ఆమె కోపం చెనిగ్గింజల మీద కాదు, వాకిట్లో ఆగిన జీపు మీద.

మా ఆయన కృపానందం జమ్మలమడుగు దగ్గర పల్లె బళ్లో అయివారు. తిరుపతి పార్కులో సింహాలను చూపిస్తానని పాపకు మాటిచ్చాడు. అది ఊరి పెద్దాయన చెవిన పడింది. "బస్సులో ఏం పోతావు సారూ, మా జీపు తీసుకపో" అన్నాడు. వద్దంటే ఆయనకు కోపం. ఎక్కితే అవతలి పార్టీవాళ్ల దృష్టిలో మేమూ ఆయన మనుషులమే. ఆ ఏడు ఎన్నికలు రాకముందే రెండు వైపులా మనుషులు పోయారు.

ప్రొద్దుటూరులో డీజిల్ పట్టిస్తుంటే ఒకతను జీపు నంబరు చూసి, లోపలికి వంగి మమ్మల్ని ఒక్కొక్కరినే చూసి వెళ్లాడు. ఇంకా ఎండెక్కలేదు, అయినా మా ఆయన పక్క పరదాలు దించమన్నాడు. వాళ్లమ్మకూ నాకూ మధ్యకు జరిగి కూర్చున్నాడు. తిరుపతి దాకా అట్లాగే.

పార్కులో ఇనుప జాలీ బిగించిన బస్సు ఎక్కించారు. ఇక్కడ ఆయనే పోయి కిటికీ పక్కన కూర్చుని పాపను ఒళ్లోకి తీసుకున్నాడు. పొదల నీడలో పడుకున్న సింహం మా బస్సు వంక తలైనా ఎత్తలేదు.

"లేసి వస్తాదా నాయనా?"

"దానికి మనతో ఏం పనిమ్మా" అని నవ్వాడు. ఆయన నవ్వి చాలా రోజులైంది.

గేటు బయట చెట్టు కింద చాప పరిచి అందరికీ వడ్డించాను. డ్రైవర్ కమాల్ బాషా ప్లేటు తీసుకున్నాడు గానీ కూర్చోలేదు.

"సారూ, వాపసు పోయేటప్పుడు ఇద్దరు ఎక్కుతారు. ప్రొద్దుటూరు దాటినాక దిగిపోతారు."

"ఎవురప్పా?"

"మనోళ్లే. కేసులో ఉండారు. ఈడ దాక్కున్నారు." గొంతు తగ్గించాడు. "ఆడోళ్లు, పిల్లోళ్లు ఉండే బండిని ఎవురూ ఆపరని పెద్దాయన లెక్క. చిన్నపిల్ల ఉండాదని చెప్తాండా సారూ. నేను చెప్పినానని అనొద్దు."

మా ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. ప్రొద్దుటూరులో ఆ మనిషి మమ్మల్ని చూడనే చూశాడు. ఆ ఇద్దరూ ఎక్కితే దారిలో జీపును ఆపేది పోలీసులే కానక్కర్లేదు, అవతలి పార్టీవాళ్లూ కావచ్చు. ఎక్కనియ్యకపోతే రేపు ఊళ్లో పెద్దాయన ముందు నిలబడాల్సింది ఈయనే. అత్త కొడుకు మొహం చూసింది, తర్వాత నా మొహం చూసింది.

"కమాల్, మేము బస్సులో పోతాం" అన్నాను. "పాపకు జీపు పడక వాంతులైనాయని చెప్పు. సారు జీపులోనే పోదామన్నా ఆయమ్మ మొండికేసి దిగిపోయిందని చెప్పు. పెద్దాయన అడిగేదేమన్నా ఉంటే నన్నే అడగమను. నువ్వు కూర్చుని తిను."