తిట్లు తీసేసిన మాట

వాల్వు గుంతలోకి నడుము దాకా దిగి, ఇనుప తాళాన్ని రెండు చేతులా తిప్పుతున్నాడు పెంచలయ్య. ఏడు చుట్లు తిప్పితే పైవీధికి నీళ్ళు. మళ్ళీ ఏడు చుట్లు వెనక్కి తిప్పితే కిందివీధికి. చాపాడు పక్కనున్న ఆ పల్లెలో ఇరవై రెండేళ్ళుగా అతని బతుకంతా ఈ పద్నాలుగు చుట్లే. మోచేతుల దాకా పాకుడు, కాయలు కాసిన మోకాళ్ళు, ఎవరో వెనకనుంచి పిలుస్తారేమో అన్నట్టు ఎప్పుడూ కాస్త పక్కకు తిరిగి ఉండే మెడ.

భయస్తుడు. ఆ మాట అతనే ఒప్పుకుంటాడు. భయపడక చస్తాడా? పైవీధిది ఒక పార్టీ, కిందివీధిది ఇంకో పార్టీ. రెండు వీధులకూ మాటల్లేక పాతికేళ్ళు. రెంటిలోనూ కాలు పెట్టేవాడు పెంచలయ్య ఒక్కడే. అడకత్తెరలో పోకచెక్క బతుకు.

నీళ్ళ వేళలు చెప్పడానికని ఫోనులో 'ఊరి నీళ్ళు' అని గ్రూపు పెట్టాడు పాపం. ఎలక్షన్లు వచ్చేసరికి నీళ్ళ మాట పోయి తిట్లు మిగిలాయి. ఎస్సై పిలిపించి, "అడ్మిన్‌వి నువ్వే గదా, రేపు తలకాయలు పగిల్తే మొదటి కేసు నీ మీదనే" అన్నాడు. మూడు రోజులు పెంచలయ్యకు ముద్ద దిగలేదు. నాలుగో రోజు, తను తప్ప ఎవరూ మాట్లాడకుండా గ్రూపుకు తాళం వేశాడు.

వెనకటికి రెండు పార్టీల మధ్య మాట మోసే నడిమి మనిషి ఒకడుండేవాడు. విన్నది విన్నట్టు మోసేవాడు కాదు. తిట్లు తీసేసి, మిగిలింది చెప్పినవాడికే తిరిగి వినిపించి, "ఇదేనా నువ్వన్నది?" అని అడిగి, ఔనన్నాకే గడప దాటేవాడు. పెంచలయ్య నాయన ఆ పనే చేసేవాడు. పాతికేళ్ళ కిందట ఒక్కటంటే ఒక్కసారి తిట్లు తీయకుండా, అడగకుండా మోశాడు. వారం తిరక్కుండా ఊళ్ళో రెండు శవాలు లేచాయి. అందులో ఒకటి కిందివీధి పెద్ద చిన్నసుబ్బయ్య తమ్ముడిది.

ఆ పద్ధతినే పెంచలయ్య ఫోనులోకి తెచ్చాడు. ఎవరేం చెప్పాలన్నా గొంతు రికార్డు చేసి అతనికే పంపాలి. అతను తిట్లు ఏరేసి, తన గొంతుతో చెప్పి తిప్పి పంపుతాడు. వాళ్ళు ఔనంటేనే అది గ్రూపులోకి పోతుంది. రెండు నెలలుగా ఊళ్ళో చిన్న రగడ కూడా లేదు.

ఆ పొద్దున పైవీధి పెద్ద సిద్దయ్య గొంతు వచ్చింది. నిన్న తమ వీధికి నీళ్ళు పది నిమిషాలు తక్కువ వచ్చాయట. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత చిన్నసుబ్బయ్యను ఎత్తుకున్నాడు: "నీ తమ్మునికి పట్టిన గతే నీకూ పడ్తాది!"

తమ్ముడి మాట తీసేశాడు పెంచలయ్య. గుంతలో నిలబడే తన గొంతుతో మెల్లగా చెప్పి పంపాడు: "నిన్న మా వీధికి పది నిమిషాలు తక్కువొచ్చినాయి, ఎందుకో కనుక్కోండి. ఇదేనా మామా నువ్వన్నది?"

"ఊఁ, అదే. పెట్టుపో."

తడి వేలితో నొక్కాడు. చూసుకుంటే గ్రూపులోకి పోయింది తన గొంతు కాదు, దాని పైనున్న సిద్దయ్య గొంతు.

ఎవరెవరు విన్నారో చూశాడు. తొమ్మిదిమంది. అందులో చిన్నసుబ్బయ్య పేరుంది. చెరిపేశాడు గానీ ఏం లాభం! నాయన చేసిన తప్పే తనూ చేశాడు. మళ్ళీ రెండు శవాలు కళ్ళముందు కదిలాయి.

ఫోను మోగింది. చిన్నసుబ్బయ్య.

"పెంచలా, గ్రూపు తాళం తీయ్. నేను మాట్లాడాల."

"తప్పు నాది మామా. ఏమన్నా ఉంటే నాకు చెప్పు, నేను..."

"నువ్వొద్దు. తీయ్."

ఆ గొంతులో కోపం లేదు. కోపంగా అరిచి ఉంటే పెంచలయ్య అంత భయపడేవాడు కాదు. తాళం తీశాడు. వెంటనే ఫోను ఆపేశాడు. గుంతలోంచి పైకొచ్చి, రోడ్డు దాకా నడిచి, ప్రొద్దుటూరు బస్సు ఎక్కాడు. అక్కణ్ణుంచి పులివెందులకు, కూతురింటికి. దారంతా తల ఎత్తలేదు.

గ్రూపులో చిన్నసుబ్బయ్య మాట్లాడాడు. "సిద్దయ్యా, నీ మాటలో తిట్లు తీసేసినా. మిగిలింది నీళ్ళు. నిన్న మీకు పది నిమిషాలు తక్కువొచ్చినాయంటాండావు. ఇదేనా నువ్వన్నది? అట్లయితే రేపు మా పది నిమిషాలు మీరే పట్టుకోండి. మా తమ్ముని పేరు మాత్రం నీళ్ళకాడ ఎత్తొద్దప్పా. శానా నొప్పి."

గంట తర్వాత సిద్దయ్య గొంతు వచ్చింది. "తమ్ముని పేరు ఎత్తొద్దంటాండావు. ఇదేనన్నా నువ్వన్నది? ఎత్తను. తప్పు నాదే."

పాతికేళ్ళ తర్వాత రెండు వీధులూ తిట్లు లేకుండా నేరుగా మాట్లాడుకున్నాయి. కాసేపటికి మళ్ళీ సిద్దయ్యే అడిగాడు: "పెంచలా, యాడుండావు? నువ్వు నేర్పినట్లే మాట్లాడినాం గదరా. వచ్చి నీళ్ళు తిప్పు."

పెంచలయ్య అది వినలేదు. ఆ ఫోను మళ్ళీ తెరవనే లేదు. పులివెందుల బస్టాండు దగ్గర అరటిపండ్ల బండి పెట్టుకున్నాడని తర్వాత ఎవరో చెప్పారు. ఊరికి మాత్రం రాలేదు.

అతను వెళ్ళిపోయిన రోజు సాయంత్రమే అతన్ని వెతుక్కుంటూ రెండు వీధులవాళ్ళూ వాల్వు గుంత దగ్గరికి వచ్చారు. గట్టుమీద అతని సద్దిమూట, విప్పని ముడితో, చీమలు పట్టి ఉంది.