ఏడో గడి

మానుకోట, అదే మహబూబాబాద్‌లోని మా బడిలో అడ్మిషన్ రిజిస్టరంతా మా అమ్మ చేతిరాతే. పేరు మనోరమ. పద్దెనిమిదేళ్లు టీచరు, తరువాత పన్నెండేళ్లు ప్రిన్సిపాలు. ప్రార్థన చేసుకోకుండా బడి తాళం కూడా తీసేది కాదు.

ఆ రిజిస్టరులో ఏడో గడి మతం, కులం. దంతాలపల్లి నుంచి సోమయ్య తన కొడుకు అరవింద్‌ను చేర్పించడానికి వచ్చినప్పుడు, ఆదివారం చర్చిలో మా పక్కన కూర్చునే ఆ మనిషే, పిల్లవాడిని హిందువని రాయమని బతిమాలాడు. క్రైస్తవుడని రాస్తే ఎస్సీ సర్టిఫికెట్ రాదు, ఒక్క శాతం కోటా ఉన్న బీసీ-సీలోకి పోతాడు. అమ్మ ఆయన మొహం చూసి, హిందువనే రాసింది. అట్లా ఎందరికో రాసింది. మాదీ అదే కులమైనా, నా దగ్గరికి వచ్చేసరికి ఆమెకు సత్యం గుర్తొచ్చింది. క్రైస్తవం, బీసీ-సీ. ముత్యాల్లాంటి అక్షరాలు.

రెండు వేల ఎనిమిది డీఎస్సీలో అరవింద్‌కు నాకంటే పదకొండు మార్కులు తక్కువ. అతను సర్కారు టీచరయ్యాడు. నేను ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ పిల్లల ముక్కులు తుడుస్తూ ఉండిపోయాను. అందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది మా ఇంటి సంగతి.

రెండు వేల పదకొండులో సకల జనుల సమ్మె వచ్చింది. బడులన్నీ మూతపడ్డాయి. టీచర్ల శిబిరంలో అరవింద్ మైకు పట్టుకొని, తెలంగాణ వస్తే మన కొలువులు మనకేనని చెప్పేవాడు. నేనూ అందరితోపాటు చప్పట్లు కొట్టేదాన్ని. ఆ 'మన'లో నేనున్నానో లేదో మాత్రం అడగలేదు.

మళ్లీ డీఎస్సీ పడుతుందని అందరూ అనుకుంటున్న రోజుల్లో మా బడి క్లర్కు హఫీజ్ ఇంటికి వచ్చాడు. పాత రిజిస్టరుకు చెదలు పట్టిందని, నా పేజీ ఎలాగూ తిరగరాయాల్సిందేనని, బడి మూసి ఉన్నప్పుడే ఆ పని అయిపోతే ఎవరూ అడగరని తల వంచుకొని చెప్పి, చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

అమ్మ ఆ చాయ్ గ్లాసు తీసి పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"కాయితం మీద ప్రభువును ఎరుగనని రాయమంటవా, ప్రసూనా?"

"సోమయ్య కొడుక్కు రాసినవ్ గద."

"గది మంది పిల్లల బతుకని రాసిన. నా బిడ్డకు గూడ గట్లనే రాస్తే ప్రభువు ముంగట నా సాక్ష్యం ఏం గావాలె?"

"గట్లయితే నేను గూడ మంది పిల్లనే అయితే మంచిగుండు."

ఆ మాట అనకూడదని అనేటప్పుడే తెలుసు. అన్నాను. తరువాత వారం రోజులు ఒకే ఇంట్లో మాటల్లేకుండా తిరిగాం. ఎనిమిదో రోజు అమ్మ బడి తాళాలు తీసుకొని ఒక్కతే వెళ్లింది. తిరిగొచ్చి స్టడీ సర్టిఫికెట్ నా ముందు పెట్టింది. మతం: హిందూ. అవే ముత్యాల్లాంటి అక్షరాలు.

ఆ ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల. యేసు పేరిట పంచే ఆ రొట్టెను పాపం మోస్తున్నవాళ్లు తినకూడదంటారు. పళ్లెం ఆమె దగ్గరికి వస్తే, ముట్టకుండా నాకు అందించింది. నాకు జాలి కలగలేదు. గెలిచాననిపించింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

సమ్మె అయిపోయి ఆఫీసులు తెరిచాక ఎస్సీ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టాను. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు విచారణకు మా వాడకు వచ్చాడు. కిరాణా కొట్టు సేటు, మనోరమ టీచరంత భక్తురాలు మానుకోటలోనే లేదన్నాడు. పక్కింటి చోటీ బీ కళ్లు తుడుచుకుంటూ, తన మనవడు దవాఖానలో ఉన్నప్పుడు టీచరమ్మ తెల్లవార్లూ యేసును వేడుకున్న సంగతి చెప్పింది. ఎవరూ మా చెడు కోరలేదు. ఆమెను పొగుడుతున్నామనే అనుకున్నారు. ఇన్‌స్పెక్టరు మాత్రం అన్నీ రాసుకుంటున్నాడు.

ఆఖరికి, నాకు సాయం చేద్దామని అరవింద్ ముందుకొచ్చాడు.

"మా మేడం చేతి కాయితంల అబద్ధముండదు సార్. పాణం పోయినా రాయదు."

ఇన్‌స్పెక్టరు సర్టిఫికెట్ వైపు, గుమ్మంలో నిలబడ్డ అమ్మ వైపు చూశాడు. ఆమె మెడలో సిలువ ఉంది.

"గంత నిజం మనిషివి, గిదెట్ల రాసినవమ్మా?"

 అమ్మ మీద గౌరవంతో ఆయన కేసు పెట్టలేదు. దరఖాస్తు తిరస్కరించి వదిలేశాడు. రిజిస్టరును దిద్దగలిగాం కానీ, అమ్మ బతికిన ముప్పయ్యేళ్లను దిద్దలేకపోయాం.

ఇప్పటికీ చర్చికి పోతాం. ప్రభువు బల్ల జరిగే ఆదివారం రొట్టె పళ్లెం వస్తే అమ్మ తల వంచుకొని, ముట్టకుండా పక్కకు అందిస్తుంది.

ఆ పక్కన కూర్చునేది నేనే. నేను తీసుకుంటాను.