వరండా దాటని కమిటీ

పదకొండు కప్పుల టీ. రెండింటిలో పంచదార వద్దు, ఒకదానిలో పాలు వద్దు. మా ఆయన అధ్యక్షుడిగా ఉన్న పరిరక్షణ కమిటీ గురించి నాకు తెలిసిందల్లా ఇంతేనని ఆయన నమ్మకం. కానీ మా వంటింటికీ ముందుగదికీ మధ్య ఉన్నది తలుపు లేని గుమ్మం. టీ కాస్తూ నేను వినని తీర్మానం లేదు. వాటిని సాపు రాసేదీ నేనే. "నీ దస్తూరి ముత్యాల్లా ఉంటుంది" అంటారు ఆయన. కింద సంతకం మాత్రం ఆయనది.

వాళ్లు కాపాడాలనుకుంటున్నది ఊరి చివరి పాత ప్రసూతి ఆసుపత్రిని. నూరేళ్ల కట్టడం, పదిహేనేళ్లుగా తాళం వేసి ఉంది. దాన్ని పడగొట్టి దుకాణాలు కడతామనేసరికి ఊరందరికీ దాని మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. 'మనం పుట్టిన ఇల్లు, మనమే కాపాడుకుందాం' అని బస్టాండు దగ్గర బ్యానర్ కట్టారు. దాని మీద పదకొండు ఫొటోలు, పదకొండుమందీ మగవాళ్లే. అందరూ తమంతట తామే పుట్టినట్టు! ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. ఒక్క ఆడమనిషి ఫొటో లేదేమని అడిగితే, "ఆడవాళ్లని బ్యానర్ల మీద పెడితే ఏం బాగుంటుంది?" అన్నారు మా ఆయన. కనడం బాగుంటుంది, కనబడటమే బాగుండదు కాబోలు.

ఈలోగా పురావస్తు శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. పాత కట్టడం చెక్కుచెదరకుండా ఉందని తేలితే రక్షిత జాబితాలో చేరుస్తారట. లోపల ఏ గది ఎక్కడుందో చూపే పటం ఇవ్వాలి, అధికారి వచ్చి సరిచూస్తారు. సరిపోకపోతే బుల్డోజరే. పాత పటం ఎక్కడా దొరకలేదు. దాంతో కమిటీ మా ముందుగదిలో కూర్చుని గుర్తున్నంతవరకు గీసి, సాపు చేయమని నా ముందు పెట్టింది.

వరండా అద్భుతంగా ఉంది. ఎనిమిది స్తంభాలు, రెండు బల్లలు, మంచినీళ్ల కుండ, సిగరెట్లు ఆర్పే ఇసుక తొట్టితో సహా గీశారు. తర్వాత ఒక తలుపు. తలుపు వెనక పెద్ద చతురస్రం, మధ్యలో 'కాన్పుగది' అనే మాట. అంతే. కాసేపు నాకేమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక స్టవ్ కట్టేసి కూర్చున్నాను. వీళ్లలో ఒక్కరూ ఆ తలుపు దాటలేదు. మగవాళ్లను లోపలికి రానిచ్చేవారు కాదు. పుట్టిన రోజున లోపలే ఉన్నా, అది వాళ్లకెలా గుర్తుంటుంది?

నాకు గుర్తుంది. నా రెండు కాన్పులూ అక్కడే. మొదటిదానికి పగలంతా పట్టింది. "అరవకు, బలం దాచుకో" అని నర్సు అంటే పైకి చూస్తూ దూలాలు లెక్కపెట్టుకున్నాను. తొమ్మిది. కిటికీ వైపు నుంచి నాలుగోదానికి పగులు, దానికి ఇనుప పట్టీ, ఆ పట్టీకి ఏడు మేకులు. నొప్పి వచ్చినప్పుడల్లా ఒకటి నుంచి ఏడు దాకా, మళ్లీ ఒకటి నుంచి. ఆయన వరండాలో ఉన్నారు. ఆ రోజు తానెంత అవస్థ పడ్డారో ఇప్పటికీ చెబుతుంటారు.

"ఇది తప్పు. లోపల ఐదు గదులున్నాయి" అన్నాను.

"నిన్ను సాపు చేయమన్నాను, సవరించమనలేదు" అన్నారు, అందరి ముందూ. ఎవరో నవ్వారు.

కప్పులు తీసుకుని లోపలికి వచ్చేశాను. ఇలాంటివి మింగడం నాకు అలవాటే. కానీ ఈ పటం వెళితే ఆ గది ఉండదు, నా దూలాలుండవు. ఇది మాత్రం గొంతు దిగలేదు. కొత్త కాగితం తీసి, నాకు గుర్తున్నట్టు గీయడం మొదలుపెట్టాను.

మంచం మీద నుంచి అత్తగారు అంతా విన్నారు. పాతికేళ్లుగా కూరలో ఉప్పు తప్ప ఆవిడ నాతో చర్చించిన విషయం లేదు. "నీళ్లు కాచే గది వెనకవైపు. వేణ్ణీళ్లు అందించడానికి గోడలో చిన్న కిటికీ ఉండేది. అది గీశావా?" అన్నారు. నా కాలానికే దాన్ని మూసేశారు, నాకు తెలియదు. "మీ ఆయన అడ్డం తిరిగాడు. రెండు రోజులు ఆ కిటికీ వంకే చూస్తూ పడున్నాను" అని, దుప్పటి సర్దుకుంటూ, "అప్పట్నించీ అంతేలే" అన్నారు. ఇద్దరం నవ్వాం. మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదలనుకుంటాను.

మర్నాడు అక్కడ ఆయాగా చేసిన పెద్దామె దగ్గరికి వెళ్లాను. దూలాలు తీయలేదని, తర్వాతి రోజుల్లో వాటి కింద అట్టల సీలింగు కొట్టారంతేనని ఆమె చెప్పింది. తర్వాత అక్కడ కాన్పయిన ఆడవాళ్ల కోసం ఇల్లిల్లూ తిరిగాను. వాళ్లలో ఒకామెకు బిడ్డ దక్కలేదు. తనను పడుకోబెట్టిన మూలగది గచ్చు ఎర్రగా ఉండేదని మాత్రం చెప్పింది. అదీ గీశాను. నాలుగు రోజుల్లో పటం పూర్తయింది.

అధికారి వచ్చిన రోజు వరండా నిండా కమిటీయే, మెట్ల దగ్గర మేం ఆడవాళ్లం. వచ్చినామె నా కూతురి వయసు పిల్ల. వాళ్ల పటం తిప్పి చూసి, "మరి లోపల?" అంది. నేను ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, నా పటం విప్పాను.

"తొమ్మిది దూలాలు. నాలుగోదానికి పట్టీ, ఏడు మేకులు. నిచ్చెన వేసి అట్ట ఊడదీయించండి. అవి లేకపోతే పడగొట్టేయండి" అన్నాను.

మా ఆయన చెయ్యి చాచారు. "ఇలా ఇవ్వు, నేను చూపిస్తా."

ఇవ్వలేదు. "మీరిక్కడే కూర్చోండి. కబురు లోపల్నించి వస్తుంది" అన్నాను. అత్తగారిని పట్టుకుని తలుపు దాటాను. మా వెనక ఆయా, ఆమె వెనక మిగిలిన ఆడవాళ్లు.

అట్ట ఊడింది. అధికారి నిచ్చెన మీద నిలబడి, టార్చి వేసి, నాలుగో దూలం మేకులు బయటికే లెక్కపెట్టింది. ఏడు దగ్గర ఆమె గొంతు ఆగినప్పుడు ఎర్ర గచ్చు గదిలో ఎవరో గట్టిగా ఏడ్చేశారు. పటం ఎవరు తయారు చేశారని ఆమె అడిగింది. నేను సంతకం చేశాను. నా కింద అత్తగారు వేలిముద్ర వేశారు. ఆ కింద అందరూ.

తలుపు దగ్గరికొచ్చేసరికి పదకొండుమందీ ఒక్కసారే లేచి నిలబడ్డారు. "ఏమైంది?" అన్నారు మా ఆయన. ఆ గొంతులో వణుకు నిజమైనదే.

"క్షేమం" అన్నాను. "లోపల మేం పదమూడుమందిమి. టీ తెచ్చి తలుపు దగ్గర పెట్టండి. ముగ్గురికి పంచదార వద్దు."