కందనకాయ లేని గిన్నె

పెట్టను కోసింది నంగిల. ఈకలు పెరికింది నంగిల. మంట మీద తిప్పి, నూగు పోయేదాకా గీకి, ముక్కలు చేసింది కూడా నంగిలే. సైకిలు ఒకడు తొక్కుతుంటే వెనక కూర్చున్నవాడు దారి చెప్పినట్టు, అత్త ఖకాసా పీట మీద కూర్చుని నోటితో వంట చేస్తోంది.

"మెడ అంత పొడుగు వదిలేశావేంటే? అది పెట్టా, కొంగా?"

"పెట్టే అత్తా. నువ్వే కదా ఏరి ఇచ్చావు."

"నేనిచ్చినప్పుడు మెడ ఇంత లేదు."

నంగిల నవ్వలేదు. ఇవాళ నవ్వే రోజు కాదు. పెళ్ళయి రెండేళ్ళయినా ఆమెకు సొంత పొయ్యి లేదు. కిమిలిలి పక్కన ఆ కొండవార పల్లెలో కొత్త కోడలు అత్త పొయ్యి మీదే వండాలి. ఇంటి పెద్ద వచ్చి, ఆమె చేతి కోడి తిని, "ఇక రాళ్ళు వేసుకో" అనాలి. అప్పుడే మూడు రాళ్ళు, సొంత కుండ, సొంత పొగ. మామగారు పోయారు కాబట్టి ఆ మాట అనాల్సింది ఆయన అన్న లుస్వేటి. ఒకసారి పిలిస్తే మోకాలు నొప్పన్నాడు. ఇంకోసారి పిలిస్తే మొక్కజొన్నలో కలుపన్నాడు. ఇవాళ్టికి దొరికాడు. తిని, ఆ మాట అనకుండా లేచిపోయాడంటే మళ్ళీ కోతలయ్యేదాకా రాడు.

అందుకే నంగిల కందనకాయ దగ్గర ఎక్కువసేపు కూర్చుంది. చీల్చింది, లోపలి ఇసుక దులిపింది, పసుప్పచ్చ పొరను చింపకుండా ఒలిచింది. కోడిలో ఏ ముక్క ఎవరికి వెళ్ళినా కందనకాయ మాత్రం పెద్దవాడిది. ఆడవాళ్ళు దాన్ని కడుగుతారు, వండుతారు, గిన్నెలో అన్నిటికంటే పైన పెడతారు. తినరు. కందనకాయ లేని కోడిని పెద్దవాడి ముందు పెట్టడమూ, వాకిట్లోకి వచ్చినవాడి మొహాన తలుపెయ్యడమూ ఒకటే. సిటాటి మేనత్త ఇంట్లో ఒకాయన అలాగే తడి చేతులతో లేచి వెళ్ళి పదకొండేళ్ళు ఆ గడప తొక్కలేదు. సిటాటి అంటే నంగిల మొగుడు.

పది ముక్కలు. లెక్కపెట్టి కుండలో వేసింది. పక్క పొయ్యి మీద వాయింట ఆకుకూర పాలల్లో ఉడుకుతోంది. కంచె దగ్గర దగ్గు వినిపించింది.

"వచ్చాడు ముసలాయన. కుర్చీ వేసిరా. కుండ నేను చూస్తాలే" అంది ఖకాసా.

నంగిల వెళ్ళింది. లుస్వేటి మొహం చూడకుండా వంగి, చేతికర్ర అందుకుని గోడకు ఆనించి, కుర్చీ తుడిచి, నీళ్ళ చెంబు సిటాటి చేతికిచ్చి వచ్చింది. ఆపైన సంకటి. చోళ్ళపిండీ కర్రపెండలం పిండీ మరిగే నీళ్ళలో పోసి, కుండ దించి, గుడ్డ చుట్టి రెండు పాదాలతో పట్టి, తెడ్డుతో పాటు ఒళ్ళంతా తిప్పాలి. తెడ్డు తనంతట తాను నిలబడేదాకా తిప్పింది. చెమట తుడుచుకుని కోడిని గిన్నెలోకి తీసింది.

తొమ్మిది.

గరిటెతో కుండ అడుగంతా దేవింది. మళ్ళీ లెక్కపెట్టింది. పొయ్యి వెనక చూసింది, పిల్లిని చూసింది. పిల్లి ఆకలిగానే ఉంది. చివరికి అత్తను చూసింది. ఖకాసా ఇంటి కప్పు వైపు చూస్తోంది. నోరు మూసుకుని ఉంది. ఈ రెండేళ్ళలో వంటింట్లో ఖకాసా నోరు మూసుకుని ఉండటం నంగిల చూడలేదు.

"అత్తా."

"ఊఁ."

"నోరు తెరువు."

"ఎందుకు?" అనడానికి తెరవక తప్పలేదు. పెదవి మూల కొవ్వు మెరిసింది.

నంగిల గరిటె కింద పెట్టింది. "అత్తా! అది కందనకాయ!"

"ఉప్పు చూద్దామని తీశానే. నాలుక మీద పెట్టానంతే. దాని దారిన అది లోపలికి నడిచిపోయింది."

"ఉప్పు పులుసులో చూడకూడదా?"

"చూడొచ్చు." ఖకాసా కొంగు సవరించుకుంది. "నలభై రెండేళ్ళు పులుసులోనే చూశాను."

నంగిలకు ఒళ్ళు మండింది. దానికింద ఎక్కడో నవ్వు కూడా వచ్చింది. ఆ నవ్వు మీద ఇంకా మండింది. అయినా అడగకుండా ఉండలేకపోయింది.

"ఎలా ఉంది?"

"పాత చెప్పు నమిలినట్టుంది. దీనికోసమా వీళ్ళు కుర్చీల్లో అంత నిక్కి కూర్చునేది!"

"మెల్లిగా! వింటాడు."

ఇంకో పెట్టను పడదామంటే కోళ్ళన్నీ మొక్కజొన్న చేలో ఉన్నాయి. వాటి వెంట పరిగెత్తేలోగా కొండ మీంచి వాన దిగుతుంది, ముసలాయన వానకు ముందే బయల్దేరతాడు. కార్జాన్ని కోసి పెడదామా అంది ఖకాసా. ఇన్నేళ్ళుగా కందనకాయలు తింటున్నవాడికి కార్జం తెలియదా అంది నంగిల. ఇంతలో సిటాటి గుమ్మంలోకి తల పెట్టాడు.

"పెదనాన్న చేతులు కడుక్కుని ఎంతసేపైంది! చేతులు ఆరిపోయాయి కూడా. ఏం చేస్తున్నారు?"

"సంకటి ఊపిరి పీల్చుకుంటోంది. నువ్వు పో" అంది వాళ్ళమ్మ.

అతను వెళ్ళాక ఖకాసా గొంతు తగ్గించింది. "నేను తిన్నానని చెప్పెయ్యవే. నీ పొయ్యి నీకు దక్కుతుంది."

నంగిల అత్త వైపు చూసింది. ఆ మాట ఒకసారి బయటపడితే ఇక ప్రతి చావింట్లో, ప్రతి కల్లు కుండ చుట్టూ అదే కథ. ఖకాసా సంతకెళితే ఉల్లిపాయలమ్మేది కూడా నవ్వుతుంది. అవతల మూడు రాళ్ళు. రెండేళ్ళుగా నిద్రలో కూడా పేర్చుకుంటున్న రాళ్ళు.

గిన్నె, సంకటి ఎత్తుకుని నడిచింది.

లుస్వేటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని గిన్నె పెట్టింది. ఆయన మూత తీశాడు. వేలితో ఓ ముక్క జరిపాడు, ఇంకోటి జరిపాడు. వేలు ఆగింది.

"సిటాటీ, మేకలు చేలో పడ్డట్టున్నాయి, చూసిరా."

"కట్టేసే ఉన్నాయి పెదనాన్నా."

"అయినా చూసిరా."

సిటాటి వెళ్ళాడు. కోడలితో ఎదురుగా మాట్లాడే మర్యాద అక్కడ లేదు కనుక లుస్వేటి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఏమ్మా గోడా, ఇందులో ఒకటి తక్కువుందే?"

"నా చేత్తోనే కుండలో వేశాను పెదమావయ్యా" అంది నంగిల నేలను చూస్తూ. "తీసేటప్పటికి లేదు. వంట నాది, తప్పు నాది. అంతకు మించి చెప్పను."

"పిల్లి తిందా?"

"పిల్లిని అంటే పాపం."

సరిగ్గా అప్పుడు వంటింటి వైపు నుంచి ఒక వెక్కిలి వచ్చింది. దాన్ని మింగబోతే ఇంకొకటి వచ్చింది. లుస్వేటి కనుబొమలు లేచాయి.

"ఆ పిల్లి నాకు తెలుసు. నా తమ్ముడికి పిల్లనడగడానికి వెళ్ళింది నేనే. ఆ రోజూ ఇలాగే వెక్కింది."

ముసలాయన కాళ్ళు కదిలాయి. లేస్తున్నాడనుకుంది నంగిల. లేవలేదు. ముందుకు వంగి, గోడకు తన నోరు తెరిచి చూపించాడు. ముందు నాలుగు పళ్ళు. వాటి వెనక ఏమీ లేదు.

"ఆరేళ్ళయింది" అన్నాడు గుసగుసగా. "ఏ ఇంటికెళ్ళినా ఆ రాయి నా గిన్నెలో పైన కూర్చుంటుంది. అందరూ నా నోటికేసి చూస్తుంటారు. నమల్లేను, ఉమ్మలేను. బుగ్గన పెట్టుకుని మాట్లాడకుండా రోడ్డు దాకా నడుస్తాను. ఊళ్ళో కుక్కలన్నీ నాకు చుట్టాలయ్యాయి. మోకాలు నొప్పనీ, కలుపనీ ఊరికే అన్నాననుకున్నావా?"

నంగిల తల ఎత్తలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ఈ సంగతి పొక్కిందంటే రేపట్నుంచి పెద్దవాణ్ణి అని నన్నెవడూ కుర్చీలో కూర్చోబెట్టడు."

"గోడకు ఏమీ వినపడలేదు పెదమావయ్యా."

"వంటింట్లో పిల్లి సంగతి నాకూ వినపడలేదు."

సిటాటి అడుగుల చప్పుడయింది. లుస్వేటి గబుక్కున నిటారుగా కూర్చుని, ఖాళీ బుగ్గలు ఉబ్బించి, కళ్ళు అరమోడ్చి నమలడం మొదలుపెట్టాడు.

"కట్టేసే ఉన్నాయి పెదనాన్నా" అన్నాడు సిటాటి. తర్వాత ఆ నోరు చూసి మొహం వెలిగింది. "కందనకాయ ఎలా ఉంది?"

లుస్వేటి నెమ్మదిగా మింగాడు. గొంతు ముడి పైకి వెళ్ళి కిందికి వచ్చింది. మూతి తుడుచుకున్నాడు.

"ఇంత మెత్తటి కందనకాయ నా జన్మలో తినలేదురా."

సిటాటి పెళ్ళాం వైపు గర్వంగా చూశాడు. ఆమె నేలకు ఇంకాస్త వంగింది, మర్యాద ఎక్కువైందనుకున్నాడు.

ఆ తర్వాత ముసలాయన నిజంగానే తిన్నాడు. వేడి సంకటిని గుప్పిట్లో ఉండ చేసి, బొటనవేలితో గుంట నొక్కి, పులుసు పట్టించి తిన్నాడు. వాయింట ఆకు రెండోసారి అడిగాడు. కోడి ఎముక దగ్గర మెత్తగా ఉన్నదంతా వెతుక్కుని తిన్నాడు. బయట గాలి మారింది. కొండ నల్లబడింది. కర్ర అందుకుని వాకిట్లోకి వచ్చి, సిటాటి గుడిసె చుట్టూ ఒకసారి నడిచి, వెనక గాలి తగలని మూల కర్రతో నేల పొడిచాడు.

"ఇక్కడ. ఇవాళే వేసుకోమను." పక్కిళ్ళకు కూడా వినపడేలా గొంతు పెంచాడు. "ఇకమీదట నాకు కోడి పెట్టాలంటే ఈ కోడలి పొయ్యి దగ్గరే. ఇంకో ఇంట్లో తినను."

ఆయన కంచె దాటాడో లేదో ఇంటి వెనక నుంచి ఖకాసా వచ్చింది. నెత్తి మీద ఒక రాయి, చంకలో ఒకటి. మూడోదాన్ని కాలితో దొర్లించుకుంటూ వస్తోంది. మూడూ సమానంగా ఉన్నాయి, కడిగి ఉన్నాయి.

"ఎక్కడివత్తా ఇవి?"

"పోయిన కోతలప్పుడే ఏట్లో ఏరా. ఆ మహానుభావుడి మోకాలు ఎప్పుడు బాగుపడుతుందా అని కూర్చున్నా."

నంగిల కళ్ళు తుడుచుకుని రాళ్ళు పేర్చింది. ఒకదాన్ని ఖకాసా పక్కకు జరిపింది. నంగిల మళ్ళీ దాని చోట పెట్టింది. అత్త పొయ్యి నుంచి నిప్పు తెచ్చింది. ఊదింది. పొగ వచ్చింది, ఆ వెనకే మంట. ఖకాసా పీట తెచ్చుకుని పొయ్యికి ఆనుకునేంత దగ్గరగా కూర్చుంది, చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

"పుల్ల అడ్డంగా పెట్టావేంటే?"

"జరుగు అత్తా. నా పొయ్యికి గాలి ఆడాలి."

ఖకాసా కోడలి వైపు చూసింది. తర్వాత పీట ఎత్తి జరిగింది. ఒక బెత్తెడు.