వర్రాబిన్ కొవ్వు డబ్బాలు

రైలు రావడానికి గంట కూడా లేదు. ఎండకు కాగిపోతున్న వర్రాబిన్ స్టేషన్లో పన్నెండు డబ్బాలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. అన్నిటి నిండా గొర్రె కొవ్వే. ఆదివారం మాంసం వేయించినప్పుడు కారిన కొవ్వును ఇంటింటా గిన్నెల్లో దాచి, చర్చి హాల్లో కరిగించి, వడకట్టి, పాత కిరసనాయిలు డబ్బాల్లో పోసి, తగరం కరిగించి మూతలకు మాటు వేశారు. యుద్ధం ముగిసి రెండేళ్లవుతున్నా సముద్రాల అవతల ఇంగ్లండులో జనానికి రొట్టె వేయించుకుందామంటే కొవ్వు దొరకడం లేదు మరి.

డబ్బాలు కడగడం మర్టిల్ పాస్కో పని. చాకలి సోడా వేసి, మరిగే నీళ్లతో రెండుసార్లు కడగాలి. వానల్లేక ఇంటి ట్యాంకు అడుగంటింది. మహాతల్లి ఒక్కసారి కడిగి ఊరుకుని, రెండోసారికి ఉంచిన నీళ్లు డాలియా మొక్కలకు పోసింది. పూల పోటీ దగ్గర పడింది కదా! పోయినసారీ ఇదే నిర్వాకం. ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది.

ఆ పొద్దునే తెలిసింది. కూతురు డల్సీ ఉత్తరం వచ్చింది. డల్సీ ఇంగ్లండు నావికుణ్ణి పెళ్లాడి అక్కడి హల్ రేవు పట్నానికి వెళ్లింది. ఊరి కొవ్వు చేరేది వాళ్ల వీధి చర్చికే. "మా డల్సీకేం లోటు? నాలుగు గదుల ఇల్లు. ఇరుగుపొరుగుల కోసమే నా తాపత్రయమంతా," అని మర్టిల్ ఊరంతా చాటుకుంది. ఇప్పుడా ఉత్తరం ఆమె జేబులో ఉంది.

"క్లారీ, డబ్బాలు ఎక్కించకు," అంది ఎట్టకేలకు.

మాటు వేసిన క్లారీ నవ్వాడు. "ఎండదెబ్బ తగిలిందేంటమ్మా? ముందా టోపీ పెట్టుకో."

"నేను సరిగ్గా కడగలేదయ్యా. కిరసనాయిలు కంపు కొడతాయి."

కొవ్వు పోగుచేయించే కమిటీకి పెద్ద అయిన మిసెస్ ఆర్మిస్టన్ విసనకర్ర విసురుకోవడం ఆపింది. "ఇప్పుడా చెప్పేది? మూత తీయకుండానే నీకు వాసన వచ్చిందా? ఈ రైలు తప్పి ఓడ పోతే మళ్లీ ఓడ ఆరు వారాలకి. మీ గొప్పింటి పిల్లకి పర్లేదులే, తక్కినవాళ్లు ఏం తినాలి?"

మర్టిల్ ముఖం కందగడ్డలా అయింది. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, కానీ ఆ కంపు మళ్లీ మనవడి కంచంలోకే పోతుంది. ఉత్తరం తీసి గట్టిగా చదివింది.

"అమ్మా, మన ఊరి పేరున్న డబ్బా చూసి ఏడ్చేశాను. కిరసనాయిలు కంపు కొట్టింది. అయినా ఎవరూ పారేయలేదు. నా వంతు తెచ్చుకుని రొట్టె వేయించాను. బాబు కక్కేసి, మళ్లీ కావాలని ఏడ్చాడు. పెట్టాను. ముగ్గురం ఒక్క గదిలో ఉంటున్నాం, ఇన్నాళ్లూ నీకు అబద్ధం రాశాను. ఈ కంపు సంగతి మాత్రం అక్కడెవరికీ చెప్పకు. పంపడం మానేస్తారేమోనని భయంగా ఉంది."

క్లారీ మంట వెలిగించి మొదటి డబ్బా మాటు కరిగించాడు. మూత లేవగానే కంపు గుప్పుమంది.

"మా ట్యాంకులో సగం నీళ్లున్నాయి," అంది మిసెస్ ఆర్మిస్టన్, మర్టిల్ వైపు చూడకుండా. "కొవ్వు పనికొస్తే మళ్లీ కాచి వడకడదాం, లేకపోతే ఇల్లిల్లూ తిరిగి మొదటినుంచీ పోగుచేద్దాం. ఈసారి డబ్బాలు నేను కడుగుతాను."

రైలు వచ్చింది, రెండు నిమిషాలు ఆగి, ఖాళీగా వెళ్లిపోయింది. మర్టిల్ అక్కడే కూలబడి వేళ్ల మీద వారాలు లెక్కపెట్టింది. ఆరు. అంతవరకూ డల్సీ గిన్నెలో ఆ కంపు కొవ్వే కాస్త మిగిలి ఉండేలా చూడు దేవుడా అని మొక్కుకుంది.