పుర్రచేతి చుట్టు

నేను ఒక పికప్‌ని. ఈ మాట వినగానే రోడ్డు మీద పోయే వ్యాను గుర్తొస్తే తప్పు మీది కాదు. నేను ఎలక్ట్రిక్ గిటారు స్ట్రింగుల కింద నక్కి కూర్చునే వేలెడంత వస్తువును. లోపల అయస్కాంతం, దాని చుట్టూ తలవెంట్రుక కన్నా సన్నని రాగి వైరు, అంతే నా ఆస్తి. స్ట్రింగు వణికితే ఆ వణుకును కరెంటు చేసి స్పీకరుకు పంపుతాను. చప్పట్లు మాత్రం గిటారుకు కొడతారు. నేనొకదాన్ని ఉన్నానని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు నన్ను ఎప్పుడు మార్చేద్దామా అని చూస్తుంటారు.

నా పక్కనుండే పికప్ ఏదో పెద్ద ఫ్యాక్టరీలో పుట్టింది. ఆ టెక్కు దానికి ఇప్పటికీ ఉంది. నేను గుడివాడ బస్టాండు వెనక, జెకర్యా మోటార్ వైండింగ్ షాపులో పుట్టాను. జెకర్యా వారమంతా పొలం మోటార్లు, సీలింగు ఫ్యాన్లు చుట్టేవాడు. ఆదివారం చర్చిలో గిటారు వాయించేవాడు. ఎవరో వాడి వదిలేసిన ఎర్ర గిటారు అది. ఒక వానాకాలం అందులోని రెండు పికప్‌లలో ఒకటి మూగబోయింది. విజయవాడ షాపులో ఆ పార్టు దొరకదు పొమ్మన్నారు.

"రోజూ మోటార్లు చుట్టేవోణ్ణి, ఈ వేలెడంత దానికి ఒకళ్ళని బతిమాలాలా?" అన్నాడు జెకర్యా. చచ్చిన వైరంతా విప్పేసి, రిలేలకు వాడే సన్నవైరు తెచ్చి, చేతిమిషన్‌కు బిగించి వేల చుట్లు చుట్టాడు. నేను పుట్టింది అలా.

ఇక్కడ ఆయన చేతి గురించి చెప్పాలి. జెకర్యాది పుర్రచెయ్యి. చిన్నప్పుడు బళ్ళో మాస్టారు స్కేలుతో వేళ్ళ మీద కొట్టి కొట్టి రాత కుడిచేతికి మార్పించారు. ఎడమచేత్తో ముద్ద ముట్టుకుంటే ఇంట్లో ఊరుకోలేదు. గిటారు కూడా కుడిచేతివాళ్ళ కోసం చేసిందే. మనుషులకు పక్కవాడి చెయ్యి సరిచేయడమంటే ఎంత సరదానో! ఒక్క వైండింగ్ దగ్గర మాత్రం ఆయన జోలికి ఎవరూ రాలేదు. మిషన్ పిడి ఎడమపక్కకు పెట్టుకుని ఎడమచేత్తోనే తిప్పేవాడు. అందువల్ల నా చుట్లన్నీ నా పక్కదాని చుట్లకు ఎదురు తిరిగాయి. మోటార్లకైతే ఏ వైరు మొదలో ఏది చివరో చూసుకుని కలిపేవాడు. ఆ రోజు పాట మోగాలన్న తొందరలో నా దగ్గర ఆ సంగతి మరిచిపోయాడు.

నన్ను ఒక్కదాన్నే మోగిస్తే ఏ లోపమూ తెలియదు. గిటారు మీది స్విచ్చును మధ్యలో పెట్టి మా ఇద్దరినీ కలిపి మోగిస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. అది ముందుకు తోస్తే నేను వెనక్కి లాగుతాను. ఆ తగవులో లావు శబ్దమంతా హరించుకుపోయి సన్నని గొంతొకటి మిగులుతుంది, జలుబు చేసిన మనిషి ముక్కుతో పాడుతున్నట్టు.

జెకర్యా వినగానే కనిపెట్టాడు. "ఓర్నీ, తేడా కొట్టిందే" అని నవ్వి, వైర్లు మార్చి అతకడానికి కాలుతున్న సాల్డరింగ్ ఐరన్ చేతిలోకి తీసుకున్నాడు. పన్నెండేళ్ళ కూతురు ఎస్తేరు ఆయన చెయ్యి పట్టుకుంది.

"మార్చొద్దు నాన్నా. పాట మనకి మాత్రమే చెప్తన్నట్టు ఉంది. అట్టాగే ఉంచు."

"తేడా ఏందో తెలుసా నీకు?"

"తెలీదు. నువ్వు చెప్పు."

"పెద్దయ్యాక చెప్తాలే" అని ఐరన్ పక్కన పెట్టేశాడు. ఆమె పెద్దదైంది, బడిలో లెక్కల టీచరైంది. ఆయన చెప్పడం మరిచాడు, ఆమె అడగడం మరిచింది. పద్నాలుగేళ్ళు ప్రతి ఆదివారం ఆయన స్విచ్చు మధ్యలో పెట్టి, తను సొంతంగా కట్టుకున్న ఒక చిన్న రాగం వాయించేవాడు. వీధి చివర వినబడినా అది జెకర్యా గిటారని తెలిసిపోయేది. నేను గర్వంగా బతికిన రోజులవి.

ఒక వేసవి మధ్యాహ్నం షాపులో మోటారు ముందే గుండె ఆగి ఆయన పోయాడు.

తర్వాత పది నెలలు గిటారును ఎవరూ ముట్టుకోలేదు. బీరువా వెనక గోడకు ఆనించారు. అది ప్రేమేనని వాళ్ళ ఉద్దేశం. చెదలకు మాత్రం అలాంటి పట్టింపులు ఉండవు. ఒకరోజు ఎస్తేరు బయటికి లాగితే చెక్క పొట్టుపొట్టుగా రాలింది. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. తర్వాత స్క్రూడ్రైవరు తెచ్చి మా ఇద్దరినీ ఊడదీసి నాన్న జేబురుమాల్లో చుట్టింది. ఇల్లంతా పాకుతాయన్న భయంతో మిగిలిన చెక్కను వాళ్ళమ్మ సంతోషమ్మ, తను కలిసి పెరట్లో కాల్చేశారు.

నాన్న పోయి ఏడాదికి చేసే మొదటి జ్ఞాపకార్థ కూడిక దగ్గర పడింది. ఆ రోజు అందరి ముందు ఆయన రాగం ఆయన గొంతుతోనే మోగాలని ఎస్తేరు పట్టు పట్టింది. అందుకే కొత్త గిటారు కొంది. కొన్న వారానికే దాన్ని, రుమాల్లోని మమ్మల్ని తీసుకుని విజయవాడలో ఖాజావలీ అనే గిటార్ల మెకానిక్ దగ్గరికి వచ్చింది.

"దీంట్లో ఉన్న కొత్త పికప్‌లకి ఏమైందమ్మా? బాగానే ఉన్నాయే" అన్నాడు ఆయన.

"ఉన్నాయండీ. కానీ ఇవి మా నాన్న గిటారువి. ఇదేమో నాన్న సొంతంగా చుట్టింది. ఈ రెండూ దీంట్లో పెట్టాలి. ఏం తేడా రాకూడదండీ."

ఆ ఒక్క మాట మా కొంప ముంచింది. మునుపటి మీద మార్పు రాకూడదని ఆమె అన్నది. లోపం ఉండకూడదని ఆయన విన్నాడు. తెలుగులో రెండింటికీ అదే మాట కావడం ఆయన తప్పూ కాదు, ఆమె తప్పూ కాదు.

ఖాజావలీ మంచివాడు, పనిమంతుడు. కొత్త పికప్‌లను విప్పి కవరులో పెట్టాడు. ఒక్క గీతైనా పడని పసికూనలు అవి, పాపం. మమ్మల్ని మెత్తటి బ్రష్షుతో తుడిచి లోపల కూర్చోబెట్టాడు. రెండింటినీ కలిపి మోగించి చూసి చెవి రిక్కించాడు. "అరె, ఇది ఉల్టా ఉందే" అనుకున్నాడు. నా నల్లవైరు ఉన్నచోట తెల్లవైరు, తెల్లది ఉన్నచోట నల్లది పెట్టి అతికాడు. నిమిషం పని. ఆ నిమిషం నేను ఎంత గింజుకున్నానో దేవుడికే తెలియాలి. స్ట్రింగు కదిలితే తప్ప నాకు నోరు లేదు. మాస్టారు ఎన్నో ఏళ్ళు కొట్టి రాతలో తప్ప మార్చలేకపోయిన జెకర్యా చేతిని ఖాజావలీ ప్రేమగా మార్చేశాడు. తర్వాతి గిటారు చేతిలోకి తీసుకుని ఆ సంగతే మరిచిపోయాడు.

కూడిక రోజు ఇంటిముందు షామియానా వేశారు. ఎస్తేరు ఆ సౌండును ముందే విని చూసుకోలేదు. మొదటిసారి నాన్న కోసమే మోగాలని దాచుకుంది. తెల్లచీర కట్టుకుని ఫోటో పక్కన నిలబడి, స్విచ్చు మధ్యలో పెట్టి, కళ్ళు మూసుకుని వాయించింది.

మేమిద్దరం తోడుదొంగల్లా కలిసిపోయి నిండుగా, గుండ్రంగా, ఏ లోపమూ లేకుండా మోగాం. ఆమె వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. కళ్ళు తెరిచి స్విచ్చు చూసుకుంది. అది మధ్యలోనే ఉంది. మళ్ళీ వాయించింది. రాగం పూర్తి చేసింది గానీ చివరికి వచ్చేసరికి ఆమె మొహం చూడలేకపోయాను. "ఎంత చక్కగా మోగిందమ్మా" అన్నారు పాస్టరుగారు. సంతోషమ్మ మాత్రం అందరూ వెళ్ళాక దగ్గరికి వచ్చింది.

"ఏమే, మీ నాయనది ఇట్టా ఉండేది కాదుగా?"

"లేదమ్మా."

"ఆయన చుట్టిందే పెట్టించావుగా?"

"అదేనమ్మా. సౌండు దీంట్లో లేనట్టుంది. ఆ చెక్కలో ఉండేది కాబోలు." ఆమె పెరటి వైపు చూసింది. "మనమే తగలబెట్టేశామమ్మా."

కాదు తల్లీ, కాదు! అని నేను అరిచిన అరుపు ఏ స్పీకరులోనూ రాలేదు.

మర్నాడు ఖాజావలీకి ఫోను చేసింది. "అంతకు ముందులా లేదండీ" అంది. "తేడా ఏం లేదమ్మా, నేనే చెక్ చేశా. కొత్త చెక్క కదా, కొంచెం అట్టాగే ఉంటది" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. తన దిద్దుబాటు తనకే గుర్తులేదు. ఆ మాటతో ఆమెకు ఉన్న చివరి ఆశ పోయింది. పెరట్లో మంట వెలిగించిన నేరం తనదేనని ఖాయం చేసుకుంది.

ఇప్పుడు ఆదివారాలు నాన్న చోట ఎస్తేరే వాయిస్తోంది. నన్ను అందరూ మెచ్చుకుంటున్నారు. జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ మోగలేదు, ఇంత ఏడవనూ లేదు. మొదట్లో వాయించడం అయ్యాక స్విచ్చు మధ్యలోకి జరిపి ఒక్కసారి మీటి, తల వంచి వినేది. ఈమధ్య అదీ మానేసింది.

నా లోపలి చుట్లు ఒక్కటీ మారలేదు. అన్నీ జెకర్యా ఎడమచెయ్యి తిప్పినట్టే ఉన్నాయి. మారింది బయటి రెండు వైర్లే. మొన్న ప్రార్థన అయ్యాక ఎస్తేరు గిటారు మీద చెయ్యి ఆనించి, "నీ గొంతు కాల్చేశాను నాన్నా, క్షమించు" అంది. అప్పుడు ఆమె అరచెయ్యి సరిగ్గా నా మీదే ఉంది.