పిట్టకు రాని ముక్కోణం

"గుండ్రం వచ్చండీ. చదరం వచ్చు. ముక్కోణమే రాదు," అంది టీచరు. నా మనవరాలు పిట్ట నా వేలు పట్టుకుని చెప్పు కొసతో నేల గీస్తోంది.

నాకు ఒళ్లు మండింది. గుండ్రం వచ్చిన పిల్లకు ముక్కోణం రాకపోవడమేమిటి? ఆ గుండ్రానికి మొదలూ తెలియదు, తుదీ తెలియదు, అదే కదా కష్టం! ఆ మాటే అనేశాను. టీచరు నవ్వింది గాని తగ్గలేదు.

"ఆకారాలన్నీ గుర్తుపడితేనే పై తరగతికి పంపుతాం. రేపు ఇంకోసారి అడుగుతాను. అప్పటికీ రాకపోతే ఈ ఏడాది చిన్నపిల్లల గదిలోనే ఉండనివ్వండి."

"బొద్దుగాడు వెళ్తాడా?" అంది పిట్ట. బొద్దుగాడు దాని పక్క కుర్చీ నేస్తం.

"వాడికన్నీ వచ్చుగా!"

పిట్ట కింది పెదవి వణికింది. టీచరు నా ఎదుటే గోడమీది పటంలో ముక్కోణం చూపించి, "ఇదేంటి చెప్పు?" అంది.

"ముక్కోణం కాదు."

"మరేంటి?"

"ఏమో. తిరగబడిపోయింది."

పిట్టకు తమ్ముడు పుట్టాడని, ఆ పసివాడి పెంపకంలో సాయపడదామని మొన్ననే కూతురింటికి వచ్చాను. వచ్చీ రాగానే ఇదొకటి తగులుకుంది. నేను దేన్నీ అంత తేలిగ్గా వదిలే మనిషిని కాను. కుళాయి ఎందుకు కారుతోందో తెలిసేదాకా ప్లంబరును గుమ్మం దాటనివ్వను. ఇంటికి వెళ్లగానే పాత పేపరు కత్తిరించి, ముక్కోణం చేసి, కొస పైకి ఉండేలా నేలమీద పెట్టాను.

పిట్ట తల వాల్చి చూసింది. ఒంటివేలితో దాన్ని గిర్రున తిప్పి, కొస కిందికి తెచ్చింది. "ఇప్పుడు ముక్కోణం."

నేను మళ్లీ మొదటిలాగే పెట్టాను. "ఇప్పుడో?"

"కాదు."

"ఎవరు చెప్పారే నీకు?"

"అమ్మే చెప్పింది. బొమ్మల పుస్తకంలో ఉంది."

ఆ పుస్తకం తెచ్చి చూశాను. ఎర్ర గుండ్రం, నీలం చదరం, పచ్చ ముక్కోణం. అది పీట వేసుకుని కూర్చున్నంత కుదురుగా ఉంది, కొస పైకే. పుస్తకంలో తప్పు లేదు. మా అమ్మాయి ముక్కోణం ఎరగనంత మొద్దూ కాదు. మరి తిరకాసు ఎక్కడుంది? సాయంత్రం వాళ్లు పుస్తకం తీసే వేళకు పని మానుకుని మరీ గుమ్మం దగ్గర నిలబడ్డాను.

మా అమ్మాయి గోడకు ఆనుకుని చాపమీద కూర్చుంది. ఒళ్లో పసివాడు పాలు తాగుతున్నాడు. ఒక చేత్తో వాణ్ణి పొదువుకుని, రెండో చేత్తో పుస్తకాన్ని తన ముందు పరిచింది. పిట్ట అటు చివర తల్లికి ఎదురుగా బోర్లా పడుకుని, గడ్డం కింద చేతులు పెట్టుకుంది.

"ఇది గుండ్రం."

"గుండ్రం."

"ఇది ముక్కోణం."

"ముక్కోణం."

వెళ్లి పిట్ట పక్కన చతికిలబడ్డాను. మోకాళ్లు కలుక్కుమన్నాయి. అక్కణ్నుంచి చూస్తే ముక్కోణం కొసమీద నిలబడి ఉంది. పక్క పేజీలో ఇల్లు కప్పు కిందికి పెట్టి వేలాడుతోంది. గుండ్రాన్నీ చదరాన్నీ ఎటునుంచి చూసినా ఒకటే. పిల్ల ఎటు కూర్చుందో ముక్కోణమొక్కటే బయటపెట్టింది.

పగలబడి నవ్వాను. "ఓసి పిచ్చిమొహమా, ఇక్కడేం చేస్తున్నావే? అటు పోయి అమ్మ దగ్గర కూచోరాదూ?"

"అటు తమ్ముడిది," అంది పిట్ట, బొమ్మమీంచి చూపు తిప్పకుండా. "నాది ఇటు."

అలకా లేదు, ఏడుపూ లేదు. ఏ చెప్పులు ఎవరివో చెప్పినట్టు చెప్పింది. నా నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

"రోజూ చదివి వినిపిస్తూనే ఉన్నాను కదా అనుకున్నానమ్మా," అంది మా అమ్మాయి. దాని కళ్లు నిండిపోయాయి. నాకు ఇద్దరిమీదా జాలేసింది.

"వాడి కడుపు నిండింది గాని, ఇలా ఇయ్యి," అని పసివాణ్ణి భుజాన వేసుకున్నాను. అమ్మాయి ఖాళీ ఒడిని చేత్తో తట్టింది.

పిట్ట వెంటనే కదల్లేదు. తమ్ముణ్ణి చూసింది, నన్ను చూసింది. అప్పుడు పుస్తకం మీంచే పాకి వెళ్లి తల్లి ఒళ్లో కూలబడింది. వంగి పేజీలోకి చూసి నోరు తెరిచింది.

"అమ్మా! ఇల్లు లేచి నిలబడింది!"

మర్నాడు టీచరు ముక్కోణం అట్టను కొస పైకి పట్టి చూపించింది. పిట్ట ఠక్కున పేరు చెప్పింది. బట్టీ పట్టిందేమోనని టీచరుకు అనుమానం వచ్చినట్టుంది, అట్టను తలకిందులు చేసింది.

"ఇదీ ముక్కోణమే," అంది పిట్ట.

"మొదటిదాన్ని నిన్న కాదన్నావుగా! రెండూ ఎలా అవుతాయి?"

"అది నేను అమ్మ ఒళ్లో కూచుంటే. ఇది తమ్ముడు కూచుంటే."

టీచరు నావైపు చూసింది. పిట్ట మాత్రం పై తరగతిలో బొద్దుగాడి పక్కన కుర్చీ ఖాళీగా ఉందా అని అడుగుతోంది.